అప్రదక్షిణ టాంగో

మా మిద్దెమీది పోర్షనుకు కట్టిన టు లెట్ బోర్డు ఎండకు వెలిసిపోయి ‘టు’ ఒక్కటే మిగిలిన రోజుల్లో బ్రోకరు ఫోన్ చేశాడు. “ఫారినాయన సామీ. అర్జెంటీనా. ఒంటరి మనిషి. టాంగో నేర్పిస్తాడంట.”

పక్కనే చెనిక్కాయలు ఒలుస్తున్న అమ్మకు అది టాంగా అని వినబడింది.

“టాంగా అంటే జట్కానే కదరా. గుర్రాన్ని యాడ కట్టేస్తాడంట? సంపు కాడైతే నేనొప్పుకోను.”

గుర్రం లేదని, అది ఇద్దరు కలిసి చేసే డాన్సని చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. “ఇద్దరంటే మొగుడూ పెళ్ళామేనా?” అన్న రెండో ప్రశ్న నాకు వినబడలేదు. ఆరు నెలలుగా బాడుగ రాని ఇంటి ఓనరుకు చెవులు అవసరమైనంత వరకే పనిచేస్తాయి.

మనిషి దిగాడు. అరవై దాటిన వయసు, నెరిసిన పిలక, నాలుగు జతల బూట్లు, ఒక నల్ల పెట్టె. ఏ ఊళ్ళోనూ ఏడాదికి మించి ఉండడట. శనివారం చెన్నైలో క్లాసు, ఆదివారం బెంగళూరులో క్లాసు. ఆ రెండు ఊళ్ళ బాడుగలూ చూసి గుండె పట్టుకుని, మధ్యలో ఏ ఊరుందా అని మ్యాపులో వేలు పెడితే తిరుపతి తగిలిందట. విదేశీయుడు ఇంట్లో దిగితే ఓనరు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో సి-ఫారం నింపాలని నాకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రంతా ఆయన పాస్‌పోర్టును ఫోటో తీస్తూ కూర్చున్నాను.

తిరుపతిలో బయటివాడు కనబడితే మనం అడిగే మాట ఒక్కటే కదా. ఆటోవాడు, టీకొట్టువాడు, మా ఎదురింటి అవ్వ, అందరూ ఆయన్ని “దర్శనం అయిందా సామీ?” అనే పలకరించారు. పాపం, ఆయన అది మన గుడ్ మార్నింగ్ అనుకున్నాడు. మూడో రోజు తెల్లవారి అయిదింటికి పాలవాడికి ఎదురెళ్ళి, చేతులు జోడించి, “దర్శనం అయిందా?” అన్నాడు. పదేళ్ళుగా కొండెక్కని పాలవాడు సిగ్గుపడి, ఆ శనివారమే అలిపిరి మెట్లెక్కాడు.

నల్ల పెట్టెలో ఉన్నది బందోనియాన్. రెండు చేతులతో సాగదీసి వాయించే తిత్తి. పుట్టింది జర్మనీలో, పేరు తెచ్చుకున్నది అర్జెంటీనాలో. మన భజనల్లో చేరిపోయిన హార్మోనియంలాగే అదీ వలసొచ్చిందే. సాయంత్రం పైనుంచి ఆ రాగం దిగివస్తుంటే అమ్మ కళ్ళు తుడుచుకునేది. “భజన చేసుకుంటా ఉండాడు పాపం.” అది ఎవరో వదిలేసి పోయిన ప్రియురాలి పాటని నేను చెప్పలేదు.

అసలు చిక్కు మాతే దగ్గర మొదలైంది. అది వాళ్ళ దేశపు ఆకు కషాయం. సొరబుర్రలాంటి చిన్న దొప్పలో ఆకు నింపి, వేడినీళ్ళు పోసి, ఇనపగొట్టం పెట్టి పీలుస్తారు. ఒకే దొప్ప, ఒకే గొట్టం, ఎంతమంది ఉంటే అంతమందీ. ఒకరు తాగి ఇస్తే మళ్ళీ నీళ్ళు పోసి పక్కవాడికి. నాకిచ్చినప్పుడు మెట్ల మీద అమ్మ లేదని రెండుసార్లు చూసుకుని పీల్చాను. వేపాకు ఉడకబెట్టిన నీళ్ళు నయం. అయినా ఆప్యాయంగా ఇచ్చాడని తాగి, నవ్వి, దొప్ప చేతిలో పెట్టాను. మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. తొమ్మిదోసారికి నా కడుపులో కళ్యాణి డ్యాము నిండింది.

ఆ తర్వాతెప్పుడో చెప్పాడు. మాతే చాలనుకున్నవాడు దొప్ప తిరిగిస్తూ ‘గ్రాసియాస్’ అనాలట, అంటే థాంక్స్. అనకపోతే ఇంకా కావాలని లెక్క. ఇదెక్కడి గొడవ? ఇంట్లో మనిషి కాఫీ ఇస్తే మనం థాంక్స్ అంటామా? అంటే మా ఆవిడ జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తుంది.

డిసెంబరు 11 వచ్చింది. అది వాళ్ళ దేశంలో టాంగో దినం, కార్లోస్ గార్దెల్ అనే పెద్ద గాయకుడి పుట్టినరోజు. చెన్నై నుంచి పన్నెండు మంది శిష్యులొస్తారు, మిద్దెమీద చిన్న మిలోంగా పెట్టుకుంటానన్నాడు. మిలోంగా అంటే టాంగో ఆడుకునే కూటమి. సరే అన్నాను. మా ఆవిడ మసాలా బొరుగులు కలిపింది. మేమిద్దరం గోడవారగా కుర్చీలేసుకున్నాం.

ఇక్కడ మా మిద్దె సంగతి చెప్పాలి. నట్టనడుమ తులసికోట ఉంది. ఎవరో వాస్తు పండితుడు చెబితే నాన్న సిమెంటుతో కట్టించాడు, కదలదు. ఆడేవాళ్ళు జంటలు జంటలుగా దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. టాంగోలో అందరూ గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. లోకమంతా అదే రూలట.

అదే టైములో నా తల నన్ను ముంచింది. టాంగోలో రమ్మని నోటితో అడగరు. దూరం నుంచి కళ్ళలోకి చూస్తారు, అవతలివాళ్ళు తలూపితే ఒప్పుకున్నట్టు. కాబెసియో అంటారు. నాకేం తెలుసు? ఎదురుగా ఒక పెద్దావిడ నావైపు చూసింది. తిరుపతిలో పుట్టినవాణ్ణి, మర్యాదకు తలూపాను. ఆవిడ లేచి వచ్చి నా ముందు నిలబడింది. మా ఆవిడ చేతిలో బొరుగుల ప్లేటు, మొహంలో ఏ భావమూ లేదు. అదే భయంకరం.

“ఎంతసేపు?” అని గురువుగారిని అడిగాను.

“నాలుగు పాటలు. మధ్యలో వదిలితే అవమానం.”

మొదటి పాటలో ఆవిడ కాలు రెండుసార్లు తొక్కాను. రెండో పాటకు, ఆవిడ జాగ్రత్తపడటం వల్ల, ఒక్కసారే. మూడో పాట మధ్యలో తులసికోట ముందు దీపం పెట్టడానికి అమ్మ పైకొచ్చింది.

“ఒరే నాయనా! తులసమ్మకు అప్రదక్షిణం తిరగతా ఉండావేందిరా! ఇట్లా తిరుగు, ఇట్లా!”

నాకు నలభై తొమ్మిదేళ్ళు. కానీ ఆ కేకకు నా కాళ్ళు నన్నడగవు. ఆవిణ్ణి పట్టుకుని గిరుక్కున వెనక్కి మళ్ళాను. లీలామహల్ సర్కిల్లో రాంగ్ రూట్లో దూరిన షేర్ ఆటోలా, ఎదురొస్తున్న అయిదు జంటల్లోకి వెళ్ళాను. మొదటి జంట తప్పుకుంది. రెండోది తగిలింది. మూడోది మా ఆవిడకు తగిలింది. బొరుగులు నేలంతా పరుచుకున్నాయి. టాంగో బూట్ల అడుగున నున్నటి తోలు ఉంటుంది. నున్నటి తోలు, నూనె పట్టిన బొరుగులు. ఇక చెప్పేదేముంది? గురువుగారొక్కరే పడలేదు, బట్టలారేసే తీగ పట్టుకుని వేలాడారు.

ఆవిడ లేచి, చీర దులుపుకుని, నాతో “గ్రాసియాస్” అంది. “చూశావా, ఇంత జరిగినా థాంక్స్ చెప్పింది” అన్నాను మా ఆవిడతో గర్వంగా. నాలుగు పాటలు కాకముందే ఆ మాటంటే ‘ఇక నీతో చాలు’ అని అర్థమట. మాతేకు, డాన్సుకు ఒకే రూలు. పొద్దున చెప్పాడాయన.

అమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి గురువుగారిని పిలిపించింది. 2009లో యునెస్కోవాళ్ళు టాంగోను మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించారని ఆయన ఫోన్లో చూపించాడు. “వాళ్ళు గుర్తించింది తులసమ్మకు తెలుసునా?” అంది అమ్మ. తర్వాత తీర్పు చెప్పింది. ఎన్ని చుట్లు అటు తిరుగుతారో, దీపాలవేళకు అన్ని చుట్లు ఇటు తిరిగి లెక్క విప్పెయ్యాలి. ఆయన ఆలోచించి, తలూపాడు. మనలాగే.

ఇప్పుడు క్లాసు జరిగినంతసేపూ అమ్మ రెండు గ్లాసులు పెట్టుకుని కూర్చుంటుంది. చుట్టు పూర్తయిన ప్రతిసారీ ఒక చింతగింజ ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి. మొన్న నలభై మూడు గింజలు తేలాయి. పాట ఆగాక శిష్యులంతా బూట్లు విప్పి, గోవిందా గోవిందా అంటూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. ముప్పై ఏడో చుట్టు దగ్గర గురువుగారు ఆయాసపడుతూ ఆగి, అమ్మవైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, “గ్రాసియాస్” అన్నారు.

అమ్మకు ఆ మాట అర్థం నేనే నేర్పాను, థాంక్స్ అని.

“అయ్యో, దానికేముంది సామీ” అంది అమ్మ, గింజ ఎత్తుతూ. “కానీ, ఇంకా ఆరుండాయి.”