పల్నాటి ‘ఏకగ్రీవం’ ఎవరి మాట?

స్థానిక ఎన్నికల ఊసెత్తగానే పల్నాడులో మళ్లీ ‘ఏకగ్రీవం’ మాట వినిపిస్తోంది. నిన్న ఆ మాటకు భగ్గుమన్నవారే నేడు ‘పెద్దలు కూర్చుని తేలుస్తారులే’ అంటున్నారు. వినడానికే ఎబ్బెట్టుగా ఉంది.

2021లో మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో ఒక్క వార్డుకూ పోలింగ్ జరగలేదు. అన్నీ నాటి అధికార వైకాపా ఏకగ్రీవాలే. మూడేళ్లు తిరిగాయో లేదో, 2009 నుంచి గెలుస్తూ వచ్చిన ఎమ్మెల్యేను మాచర్ల నియోజకవర్గం 33 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఇంటికి పంపింది. ప్రత్యర్థే లేడన్న చోట ఇన్ని వ్యతిరేక ఓట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

నరసరావుపేట లోక్‌సభ స్థానం ఎన్నడూ ఎవరి జాగీరూ కాదు. కాసు బ్రహ్మానందరెడ్డిని గెలిపించిన సీటే 1984లో తెలుగుదేశానికి దక్కింది. 1999లో నేదురుమల్లినీ, 2004లో మేకపాటినీ కాంగ్రెస్ నెల్లూరు నుంచి తెచ్చి నిలబెడితే గెలిపించింది. 2009లో గెలుపు తేడా 2 వేలు కూడా లేదు. 2019లో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లూ వైకాపావి, 2024లో ఆ ఏడూ తెలుగుదేశానివి. ఎంపీ మాత్రం రెండుసార్లూ లావు శ్రీకృష్ణదేవరాయలే, గుర్తే మారింది. రెండుసార్లూ మెజారిటీ లక్షన్నర దాటింది. తెర చాటున మీట నొక్కనిస్తే పల్నాటి ఓటరు ఇలా ఉంటాడు.

ఏకగ్రీవానికి ఆ తెరతో పనిలేదు, నామినేషన్ బల్ల దగ్గరే కథ ముగుస్తుంది. పన్ను బకాయి లేదన్న కాగితం అడిగితే గుమాస్తా సీట్లో ఉండడు. కుల ధ్రువీకరణ పత్రం గడువు దాటాక చేతికొస్తుంది. ప్రతిపాదించినవాడిని రాత్రికి రాత్రి పట్టుకుపోయి ‘ఆ సంతకం నాది కాదు’ అనిపిస్తారు. ఇవన్నీ దాటినా ఉపసంహరణ గడువు మధ్యాహ్నం 3 గంటల దాకా ఉంటుంది. అభ్యర్థే రానక్కర్లేదు, ఆయన సంతకమున్న కాగితం వస్తే చాలు. దొంగ సంతకాలు దూరేది అక్కడే. ఇక ‘నోటా’కు కూడా చోటుండదు. 2020 మార్చిలో ఇదేమిటని చూడబోయిన విజయవాడ తెలుగుదేశం నేతల కారుపై మాచర్లలో పట్టపగలే దాడి జరిగింది.

ఏకగ్రీవమైతే ఖర్చూ, కక్షలూ తగ్గుతాయన్న వాదన ఉంది. చిన్న పల్లెల్లో నిజమే కావచ్చు. 2021లో ప్రభుత్వం జనాభాను బట్టి పంచాయతీకి 5 నుంచి 20 లక్షల నజరానా కూడా ప్రకటించింది. కానీ పల్నాడులో కక్షలు తగ్గాయా? 2024 మే 13న పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టడం కెమెరాకు చిక్కింది. ఆ వారంలోనే కలెక్టరుపై బదిలీ వేటు, ఎస్పీపై సస్పెన్షన్ వేటు పడ్డాయి.

ఉపసంహరణ కాగితం తెచ్చింది ఎవరైనా, అభ్యర్థిని అధికారి ఎదుటికి పిలిపించి, కెమెరా ముందు అడిగాకే దాన్ని తీసుకోవాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు. నాడు వాళ్లు చేశారు గనుక నేడు మేమూ చేస్తామంటే, ఐదేళ్లు పెట్టిన గగ్గోలంతా వంతు రాలేదన్న ఏడుపే అనుకోవాలి. ఏడుకు ఏడూ గెలిచినవారికి ఒక వార్డు నామినేషన్ అంటే ఇంత బెదురా?