సవరణ: మిర్చి యార్డు పోస్టులోని ఒక వాక్యం గురించి

గుంటూరు మిర్చి యార్డు మీద రాసిన పోస్టులో "ఒక ఊళ్లో కూర్చుని చేసే మానవశాస్త్రానికి కాలం చెల్లింది" అన్న వాక్యం ఉంది. ఒక ఊళ్లో ఉండి అక్కడి జనజీవితాన్ని పరిశీలించే ఊరి అధ్యయనాలు ఇక దండగ అన్నట్టు చాలామందికి అర్థమైంది. దాన్ని ఇలా చదవండి: "ఊరితో మొదలుపెట్టాలి, అక్కడే ఆగిపోకూడదు."

హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరి మీద మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చింది. అలాంటి పని ఇప్పటికీ కావాలి. అయితే భారతదేశం అనగానే పరిశోధకులకు కులం ఒక్కటే ప్రశ్నగా మిగలడాన్ని 1986లో మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై తప్పుబట్టారు. మనుషుల వెంట, సరుకుల వెంట నాలుగు చోట్లకూ వెళ్లి చూడాలని 1995లో మరో మానవశాస్త్రవేత్త జార్జ్ మార్కస్ వాదించారు. సరే, ఇక్కడి నుంచి ఎగుమతయ్యే తేజ రకం మిర్చి వెంట చైనా దాకా వెళ్లొచ్చు. కానీ కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్న రైతు సరుకు కూడా అతనికే ఎందుకు వేస్తాడు? కౌలు రైతు బేరమాడలేకపోవడానికి భూమి, కులం ఎంతవరకు కారణం? ఇవి తెలియాలంటే పల్నాడు పల్లెల్లో నెలల తరబడి ఉండాల్సిందే, తెలుగు రావాల్సిందే. అమెరికా నుంచి విజయవాడ చుట్టుపక్కల భూముల్లోకి వచ్చే డబ్బు సంగతీ అంతే. అక్కడి ఉద్యోగంతో పాటు ఇక్కడి బంధుత్వాలూ తెలియాలి.

పోస్టులో మిగతాదంతా యథాతథం.