సవరణ: కోచ్‌లపై ఫిర్యాదుకు మూడు నెలల గడువు గురించి

పర్లాకిమిడిలో పిల్లల్ని కబడ్డీ, ఖోఖో కోచింగ్‌కి పంపే తల్లిదండ్రుల కోసం పోయిన వారం నేను పెట్టిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. కోచ్ పిల్లలతో లైంగికంగా అసభ్యంగా ప్రవర్తిస్తే మూడు నెలల్లోపు, అదీ తల్లిదండ్రులే ఫిర్యాదు చేయాలని రాశాను. అది సరికాదు.

ఆ మూడు నెలల లెక్క 2013 నాటి పని ప్రదేశాల్లో మహిళలపై వేధింపుల చట్టానిది. స్టేడియాలు, క్రీడా సంస్థలు కూడా దాని కిందికి వస్తాయి కాబట్టి రెండూ కలిపేశాను. 18 ఏళ్లలోపు పిల్లలకు వర్తించేది 2012 నాటి పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం. అందులో అలాంటి గడువేమీ లేదు. విషయం తెలిసిన ఎవరైనా సరే, తోటి కోచ్ అయినా, పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి తప్పును దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు. "పిల్లాడి పరువు పోతుంది, మనలో మనమే సర్దుకుందాం" అనే పెద్దమనుషులు ఈ మాట రెండుసార్లు చదవాలి.

లాయరుగా ఉన్న ఒక బంధువు చెబితే చట్టం తెరిచి సరిచూసుకున్నాను. ఇది కేంద్ర చట్టం కాబట్టి ఇక్కడ ఒడిశాలోనైనా, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలోనైనా ఒకటే. పాత పోస్టు ఫార్వర్డ్ చేసినవాళ్లు దీన్నీ పంపండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అది ముందు రాసిందే, సరైనదే.