ఐ-జీ-హెచ్-టీ వారి ఉమ్మడి కుటుంబానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐ, జీ, హెచ్, టీ గార్లకు,

విషయం: నాలుగు గళ్లు ఆకుపచ్చగా వెలిగాక కూడా వర్డిల్‌లో (దాచిపెట్టిన ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఊహించి పట్టుకునే ఆటలో) ఓడిపోవడం గురించి.

మీ పేరు పలకాలంటేనే భయం. ముందు సగం పోలీసు ఐజీ, వెనక సగం హెచ్‌టీ కరెంటు లైను. ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలో తెలియక నేరుగా మీకే రాస్తున్నాం.

ముందు మీ బలగం లెక్క చూద్దాం. మీ నలుగురితో ముగిసే ఐదక్షరాల ఇంగ్లీషు మాటల్లో రోజూ వాడుకలో ఉన్నవాళ్లు ఎనిమిది మంది: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. బీతో మొదలయ్యే బైట్, డబ్ల్యూతో మొదలయ్యే వైట్ లాంటి ముసలాళ్లు నిఘంటువు మూలల్లో ఇంకా ఊపిరితో ఉన్నారు. ఈ వైట్‌కీ తెలుపు రంగుకీ చుట్టరికం లేదు. మీరు మాకు కొత్తవాళ్లేం కాదు. నైట్ డ్యూటీ చేస్తాం, కండక్టర్ ‘రైట్ రైట్’ అంటేనే బస్సు కదులుతుంది, ఎవడేమన్నా ‘లైట్ తీస్కో’ అనుకుంటాం. ఇన్నేళ్ల పరిచయం ఉండి, ఆటలో కూర్చునేసరికి ముఖం చాటేస్తారు.

తెలుగులో నైట్ రాయడానికి నై, ట్ చాలు. మీ దగ్గర ఐదు గళ్లు కావాలి. మధ్యలో జీ, హెచ్ ఇద్దరూ నోరు విప్పకుండా జీతం తీసుకునే ఉద్యోగులు. ఒకప్పుడు వాళ్లూ పలికేవారే. జర్మన్ వాళ్లు రాత్రిని ‘నాఖ్ట్’ అన్నప్పుడు గొంతులో వచ్చే గరగర ఉందే, అదే వాళ్ల పాత కొలువు. మన ‘నక్తం’లోని క కూడా ఆ వంశానిదే. కార్తీకమాసంలో నక్తం ఉండి, చుక్క చూశాక అన్నం తినే పెద్దమ్మలు ఆ శబ్దాన్ని ఇంకా పోషిస్తున్నారు. ఇంగ్లీషు నోరు దాన్ని వదిలేసి వందల ఏళ్లయినా రాత మాత్రం వదల్లేదు. డిలైట్ అనే మాటకైతే ఆ హక్కు కూడా లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానికి జీ, హెచ్ లేవు, లైట్‌ని చూసి తగిలించుకుంది. దొంగ సర్టిఫికెట్ అంటే అదీ.

ఇక అసలు గొడవ. జాష్ వార్డిల్ 2021 అక్టోబరులో జనంలోకి వదిలి, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌కి అమ్మిన ఆ ఆటలో గళ్లు 5, ఛాన్సులు 6. మూడో ఛాన్సులో నైట్ రాస్తే చివరి నాలుగు గళ్లూ పచ్చబడ్డాయనుకోండి. (పచ్చకామెర్ల పచ్చ కాదు, ఆకుపచ్చ: అక్షరమూ సరే, చోటూ సరే. పసుపుకి అర్థం వేరు: అక్షరం ఉంది, చోటు అది కాదు. బూడిదరంగైతే ఆ అక్షరమే లేదు.) చూసేవాళ్లు ‘అయిపోయింది’ అంటారు. నిజానికి అప్పుడే మొదలవుతుంది. మిగిలినవాళ్లు ఏడుగురు, ఛాన్సులు మూడు. ఫైట్, లైట్, మైట్ అని ఒక్కొక్కరి తలుపే కొడుతూ పోతే గెలిచేది ఏడింట మూడుసార్లే.

మీ గుట్టు ఇక్కడే విప్పుతున్నాం. నాలుగో ఛాన్సులో మీ ఇంటి మాట రాయకూడదు. ‘ఫిల్మ్స్’ రాయాలి: ఎఫ్, ఐ, ఎల్, ఎమ్, ఎస్. జవాబు అది కాదని తెలిసే రాయాలి. ఎఫ్ ఆకుపచ్చయితే ఫైట్. ఎల్, ఎమ్, ఎస్‌లలో ఏది పసుపైతే దాని ఇల్లే. నలుగురూ బూడిదరంగులోకి పోతే మిగిలేది ఈ, ఆర్, టీ, చేతిలో ఇంకా రెండు ఛాన్సులు. ఏడింట మూడు కాస్తా ఏడింట ఆరవుతుంది. ఒక్క ఛాన్సు పారేసుకున్నందుకు ఇది మంచి బేరమే. ఐనా పచ్చటి గళ్లను చూస్తూ చూస్తూ వదిలేసి సినిమాకి పోవడానికి చాలామందికి మనసొప్పదు. మీ వ్యాపారం నడిచేది ఆ బలహీనత మీదే.

హార్డ్ మోడ్‌లో ఈ పప్పు ఉడకదు. తేలిన అక్షరాలను తర్వాతి మాటలో వాడి తీరాలి, పచ్చబడ్డవి ఉన్నచోటే ఉండాలి. అక్కడ మందు ముందే వేసుకోవాలి. స్లేట్‌తో మొదలుపెట్టారనుకోండి. ఎస్, ఎల్, ఈ బూడిదైతే సైట్, లైట్, ఎయిట్ ముగ్గురూ ఒక్క దెబ్బతో ఔట్. టీ పసుపుగా తేలితే వెంటనే ‘ఫ్రంట్’: టీ చివరికి చేరుతుంది, ఎఫ్, ఆర్, ఎన్ పరీక్ష పూర్తవుతుంది. వాటిలో ఏదీ తగలకపోతే మీ ఎనిమిది మందిలో మిగిలేది మైట్, టైట్ ఇద్దరే.

ఆ టైట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చివర్లో టీ పచ్చగా కూర్చున్నాక, మళ్లీ మొదట్లో టీ వస్తుందని ఎవరికీ తట్టదు. రాసి చూశాక జవాబు వేరైతే, మొదటి టీ బూడిదగా, చివరి టీ పచ్చగా పడుతుంది. ఒకే అక్షరానికి రెండు రంగులేమిటని జనం గింజుకుంటారు. తప్పేం లేదు, జవాబులో టీ ఒక్కటే ఉందని దాని భావం. ఎయిట్‌ది ఇంకో వేషం. అందరూ ‘ఐట్, ఐట్’ అని నోట్లో ప్రాస కలుపుకుంటూ వెతుకుతారు, ఆ ప్రాసకి ఎయిట్ దొరకదు. చెవిని నమ్ముకున్న తెలుగువాడికి ఇంకో కష్టం: మనం రైట్ అని ఒకటే రాసేదానికి మీ భాషలో నాలుగక్షరాలతో ఒకటి, ఐదుతో రెండు, ఆరుతో ఒకటి స్పెల్లింగులున్నాయి. గళ్లు లెక్కపెట్టుకోకుండా ఏ రైటూ రైటు కాదు.

మీ ఆరు గళ్ల అన్నలే నయం, క్రాస్‌వర్డ్ ఆడేవాళ్లకి లొంగుతారు. రెండో గడిలో సాధారణంగా ఎల్, ఆర్, లేకపోతే ఈ. ఫ్లైట్, బ్రైట్, వెయిట్ చూడండి. మొదట కే ఉంటే పక్కన ఎన్. అడ్డంగా వచ్చే మాటతో ఆ ఒక్క గడి తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఇట్లు,
మూడో ఛాన్సులో నాలుగు ఆకుపచ్చలు చూసి స్క్రీన్‌షాట్‌కి సిద్ధపడి, ఆరో ఛాన్సులో ‘మైట్’ రాసి, జవాబు ‘టైట్’ అని చదువుకున్నవాళ్లందరి తరఫున