ఆయన మంత్రిగా ఉన్న రోజులేవి?

డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో ప్రతిపక్ష నేత ఎత్యెన్ చిసెకెది మీద ఒక నివాళి వ్యాసం చదివాను. ఆయన పుట్టుకతోనే ప్రతిపక్షం అన్నట్టు సాగింది అది; మంత్రిగా ఉన్న రోజుల ఊసే లేదు. 1965 చివర్లో సైన్యాధిపతి మొబుటు గద్దెనెక్కగానే చిసెకెదికి హోం మంత్రి పదవి దక్కింది. ఆ నియంత పార్టీకి పునాది వేసినవారిలోనూ ఆయన ఉన్నారు! 1980లో పన్నెండు మంది తోటి ఎంపీలతో కలిసి మొబుటుకు బహిరంగ లేఖ రాయడం, రెండేళ్లకు ప్రతిపక్ష పార్టీ యూడీపీఎస్ స్థాపన, జైళ్లు... అన్నీ ఆ తరువాతి సంగతులే. చేతిలో ఉన్న పదవులు వదులుకుని ఎదురు తిరిగాడు కాబట్టే నాకు ఆయనంటే గౌరవం. దాన్ని దాచడం దేనికి?

2017 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో కన్నుమూస్తే, అప్పటి అధ్యక్షుడు కబీలా ప్రభుత్వంతో పేచీ తెగక భౌతికకాయం రెండేళ్లకు పైగా బెల్జియంలోనే ఉండిపోయింది. కొడుకు ఫెలిక్స్ అధ్యక్షుడయ్యాకే, 2019 మేలో, రాజధాని కిన్షాసా చేరింది. జనం కడసారి చూపుకు పోటెత్తిన అమరవీరుల స్టేడియం పేరు ఎవరిదనుకున్నారు? 1966లో మొబుటు బహిరంగంగా ఉరి తీయించిన నలుగురు నాయకులది. అప్పటి హోం మంత్రి చిసెకెదియే.