అయ్యగారు సెలవడిగితే అంత ఉలికిపాటు ఎందుకు?

మా పాస్టరుగారు మొన్న కమిటీని ఒక్క మాట అడిగారు. ఈస్టర్ అయిపోయాక నెల రోజులు సెలవు కావాలి, ప్రసంగాలు, విజిటింగు, ఫోన్లు ఏవీ లేకుండా కాస్త ఒంటరిగా ఉండి వాక్యం చదువుకుంటాను, నిద్రపోతాను అన్నారు. నిద్రపోతానని పైకి చెప్పిన పాస్టరుని నేను చూడటం ఇదే మొదలు.

కమిటీలో వచ్చిన మొదటి ప్రశ్న, "ఒంట్లో బాగానే ఉందాండీ?" రెండోది ఆయన బయటికి వెళ్లాక వచ్చింది: "వేరే సంఘం ఏమైనా చూసుకుంటున్నారా?" మూడోది, అమెరికా వీసా ఏమైనా వచ్చిందేమోనని. మనిషి అలసిపోయి ఉంటాడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తర్వాత క్యాలెండరు తీశారు. మేలో వీబీఎస్, అదే పిల్లల వేసవి బైబిల్ బడి, ఉంది. జూన్‌లో బడులు తెరుస్తారు, ప్రతి ఇంట్లోనూ పిల్లల పుస్తకాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమంటారు. ఆ తర్వాత చర్చి వార్షికోత్సవం, ఆ వెనకే పంట పండుగ. డిసెంబర్ సంగతి సరే సరి. చివరికి ఒక పెద్దాయన "సాతానుకు సెలవు లేదు కదండీ" అన్నారు. ఇద్దరు ఆమెన్ కూడా అన్నారు. విషయం వాయిదా పడింది. సాతాను డ్యూటీ టైమింగులు మన సేవకుడికి కొలత ఎప్పుడయ్యాయో నాకు తెలీదు. స్త్రీల సమాజం తరపున నేనూ ఆ కమిటీలో ఉన్నాను. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్లే చదవండి.

నేను పాస్టరు కూతుర్ని. అయ్యగారి పని ఆదివారం రెండు గంటలే అనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే కోపమొస్తుంది. మంగళవారం కాటేజ్ ప్రేయరు, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్, నెలకోసారి ఆల్ నైట్ ప్రార్థన. మధ్యలో ఎవరింట్లోనో గృహప్రవేశం, ఎవరికో పెళ్లి కుదరటం, కుదిరింది చెడటం. రాత్రి ఆస్పత్రికి పరుగు, పొద్దున సమాధి కార్యక్రమం, అదే సాయంత్రం ఇంకెవరి పాప పుట్టినరోజో. పొద్దున ఏడ్చి సాయంత్రం కేకు ముందు నవ్వాలి. ఇప్పుడు వీటి మీద తెల్లవారుజామున వాట్సాప్‌లో వాగ్దానం, యూట్యూబ్ లైవు కూడా చేరాయి. లైవులో ఎంతమంది ఉన్నారో అంకె కనిపిస్తూ ఉంటుంది కదా, అదొక కొత్త టెన్షన్.

మా నాన్న శనివారం రాత్రి అందరం పడుకున్నాక పాత పెళ్లిపత్రికల వెనక ఖాళీ వైపున ప్రసంగం పాయింట్లు రాసుకునేవారు. ఒకసారి ఆ టైముకి ఫోన్ మోగింది. పక్క ఊరి సంఘస్తుడు, గేదె పాలివ్వట్లేదు, ప్రార్థన చెయ్యండి అయ్యగారూ అని. ఇందులో నవ్వేందుకు ఏమీ లేదు, ఆ ఇంటికి ఆ గేదే జీతం. నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "కృపగల తండ్రీ, ఈ కుటుంబాన్ని..." అన్నారు, ఆ తర్వాత మాట లేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, మనిషి నిద్రలోకి జారిపోయాడు. అమ్మ మెల్లగా ఫోన్ తీసుకుని, మిగతా ప్రార్థన తను చేసి, ఆమెన్ చెప్పి పెట్టేసింది. అవతలి ఆయనకు తేడా తెలిసిందో లేదో గానీ, తర్వాతి ఆదివారం పాల డబ్బా మాత్రం వచ్చింది.

అమ్మ మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్తాను. పాస్టరుగారి సెలవు గురించి అరగంట చర్చ జరిగితే పాస్టరమ్మగారి ఊసు ఒక్కరు ఎత్తలేదు. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూడిక ఆమెదే, చెప్పాపెట్టకుండా వచ్చినవాళ్లకి టీ, భోజనం ఆమెదే. జీతం లేదు, పదవి లేదు, మాటలు మాత్రం పడాలి. కొత్త చీర కడితే కానుక డబ్బులంటారు, పాత చీర కడితే సాక్ష్యం బాగోలేదంటారు. ఆయన్ని ఎక్కడికో పంపించి ఆమెను ఇక్కడ ఫోన్లు ఎత్తడానికి ఉంచితే దాన్ని సెలవు అనకండి.

విశ్రాంతి అనగానే మనవాళ్లకు బద్ధకం గుర్తొస్తుంది. విశ్రాంతి లేని పాస్టరు ఎలా తయారవుతాడో మనం కళ్లారా చూస్తూనే ఉన్నాం, పేరు పెట్టుకోవట్లేదు, అంతే. అదే ప్రసంగం మూడో ఏడు మళ్లీ వస్తుంది, అదే ఉదాహరణతో. వాక్యం చదవటమంటే ఆదివారానికి పాయింట్లు వెతకటమే అయిపోతుంది. తనకోసం తాను చదువుకోవటం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. చిన్న విమర్శ వస్తే పుల్పిట్ మీద నుంచి పేరు చెప్పకుండా వాతలు పెడతాడు, ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది. ఇంట్లో పిల్లల మీద విసుక్కుంటాడు. వీటన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది. నేను లేకపోతే ఈ సంఘం నడవదు అన్న నమ్మకం మెల్లగా లోపలికి దిగుతుంది. మొదట్లో అది బాధ్యతలాగే ఉంటుంది. పదేళ్లకి "నా సంఘం, నా విశ్వాసులు" అవుతుంది. ఇరవై ఏళ్లకి బోర్డు మీద కుటుంబం ఫొటో వస్తుంది.

ఏలీయా ప్రవక్తకి వచ్చిన జబ్బు ఇదే. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసినవాడు బదరీచెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు, గద్దించలేదు. వేడి రొట్టె, నీళ్లు పెట్టాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఇంతవరకు ప్రతి పాస్టరూ చెప్తాడు. తర్వాత హోరేబు కొండ దగ్గర జరిగింది నాకు ఇంకా ముఖ్యం. "నేనొక్కడినే మిగిలాను" అని ఏలీయా రెండుసార్లు అంటే, నువ్వొక్కడివే కాదు, బయలు దేవతకు మోకరించనివాళ్లు ఏడువేలమంది ఉన్నారని దేవుడు లెక్క చెప్పాడు. పైగా నీ స్థానానికి ఎలీషాను అభిషేకించు అన్నాడు. తిండీ నిద్రా అయ్యాక గానీ ఆ లెక్క చెప్పలేదు చూడండి. ఒళ్లు అలసి ఉన్నవాడికి ఏడువేలమంది కనపడరు.

ఇంకోటి, మనం క్రిస్మస్‌కి ప్రతి ఏడూ చదివే భాగంలోనే ఉంది, ఎవరూ ఆగి చూడరు. బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా, అబీయా తరగతి యాజకుడు. యాజకులు 24 తరగతులు, వంతుల ప్రకారం దేవాలయానికి వచ్చేవాళ్లు. వంతు అయిపోతే ఇంటికి వెళ్లిపోవటమే. లూకా ఆ మాట కూడా రాశాడు, సేవ చేసే రోజులు పూర్తయ్యాక జెకర్యా తన ఇంటికి వెళ్లాడని. (యోహాను ఆయన భార్య ఎలీసబెతు కడుపున పడింది ఆయన ఇంటికి వెళ్లాకే. సెలవు వల్ల సేవ ఆగిపోతుందనేవాళ్లు ఇది గమనించగలరు.) ప్రత్యక్ష గుడారంలో సేవ చేసే లేవీయుల సంగతి సంఖ్యాకాండం 8లో చూసుకోండి. ఇరవై అయిదో ఏట పనిలోకి, యాభయ్యో ఏట బరువు పని నుంచి బయటికి. ఆ తర్వాత తమ్ముళ్లకు తోడుగా ఉంటే చాలు. మా పాస్టరుగారికి యాభై దాటి చాలా ఏళ్లయింది, కుర్చీలు కూడా ఆయనే సర్దుతున్నారు.

ఇవన్నీ బైబిలు కాలం నాటి కబుర్లు అనేవాళ్లకి మన జిల్లా చరిత్రే చెప్తాను. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తెలుగు బాప్టిస్టులం ఎక్కడికెళ్లినా ఈ అంకె గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజు పని ఎలా నడిచిందో మాత్రం చెప్పుకోం. బాప్తిస్మమిచ్చింది మన తెలుగు బోధకులు, ఆరుగురు. ఆరుగురూ ఒకేసారి నీళ్లలో దిగలేదు. ఇద్దరు ఇస్తుంటే మిగతావాళ్లు ఒడ్డున ఉన్నారు. ఆ ఇద్దరూ అలసిపోతే ఇంకో ఇద్దరు దిగారు. అంతటి రోజున కూడా వంతులు వేసుకున్నారు, అందుకే సాయంత్రానికి పని పూర్తయింది. మన సంఘంలో ఆదివారానికి నూట యాభై మంది వస్తారు. నీళ్లలో ఒక్కడే, ఒడ్డున అందరం నిలబడి చూస్తున్నాం.

తప్పంతా సంఘానిదే అంటే అబద్ధమవుతుంది. సెలవిస్తామన్నా తీసుకోని పాస్టర్లు చాలామందే ఉన్నారు. కారణాలు నాకు తెలుసు, ఆ ఇంట్లోనే పెరిగాను. ఒకటి డబ్బు. ఇండిపెండెంట్ సంఘాల్లో జీతమంటూ ఉండదు, ఆదివారం కానుక సంచిలో ఎంత పడితే అంత. ఆయన నిలబడని ఆదివారం సంచి తేలికైపోతుంది. వారమంతా ఆటో తోలుకుంటూనో మిషను కుట్టుకుంటూనో సంఘం నడిపే పాస్టర్లకి ఈ సెలవు మాటే జోకులా ఉంటుంది. రెండోది, పక్క వీధిలో కొత్తగా పెట్టిన సంఘం. నాలుగు వారాలు తాను కనపడకపోతే నాలుగు కుటుంబాలు అటు జారిపోతాయని భయం, ఆ భయం ఉత్తిది కూడా కాదు. మూడోది చెప్తే పాస్టర్లకి కోపమొస్తుంది. చాలాచోట్ల రెండో మనిషిని తయారు చెయ్యరు. బాగా మాట్లాడే కుర్రాడు ఒకడు కనిపిస్తే వాడికి కీబోర్డో సౌండ్ బాక్సో అప్పజెప్తారు, మైకు మాత్రం ఇవ్వరు. ఇరవై ఏళ్లు అలా చేశాక, నేను వెళ్తే ఎవరు చూసుకుంటారండీ అంటారు.

దీనికి తోడు మనవాళ్ల విశ్రాంతులు కొన్నుంటాయి. అయ్యగారు రెస్టుకని విశాఖపట్నం వెళ్లారంటారు. తీరా చూస్తే అక్కడ మూడు రోజుల ఉజ్జీవ సభలకి ఫ్లెక్సీ మీద ఆయనే ముఖ్య ప్రసంగీకులు. ఇంకొకరు పరిశుద్ధ దేశ యాత్రకి వెళ్తారు, నలభై మంది పెద్దవాళ్లను వెంటేసుకుని, పాస్‌పోర్టులు లెక్కపెట్టుకుంటూ, షుగరు మాత్రలు మర్చిపోయినవాళ్లకి మందుల షాపు వెతుకుతూ. యొర్దానులో దిగినా ఆయన డ్యూటీలోనే ఉన్నట్టు. పాస్టర్ల రిట్రీట్ అని ఇంకోటి, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా సెషన్లు. పని చోటు మారింది, పని మారలేదు.

ఈ విషయంలో కతోలిక సోదరులు మనకంటే తెలివైనవాళ్లు. వాళ్ల 1983 నాటి చర్చి చట్టంలోనే రాసి పెట్టుకున్నారు: విచారణ గురువుకు, అంటే ఒక సంఘాన్ని చూసుకునే ఫాదర్‌కి, ఏడాదికి ఒక నెల వరకు సెలవు, రిట్రీట్‌లో గడిపే రోజులు అందులో కలపరు. రిట్రీట్ వేరు, సెలవు వేరు అని అంత స్పష్టంగా విడదీశారు. ఫాదర్ గారు సెలవు మీద వెళ్తే ఆ విచారణలో ఎవరూ వీసా గురించి ఆరా తియ్యరు. మన ప్రసంగాల్లో నెలకోసారైనా వినపడే పంతొమ్మిదో శతాబ్దపు లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ కూడా చలికాలాల్లో లండన్ వదిలి ఫ్రాన్స్‌లోని మెంటన్‌కి విశ్రాంతికి వెళ్లేవారు. ఆయన మాటలు వాడుకుంటాం, ఆయన సెలవులు మాత్రం వదిలేస్తాం.

నా వాదన ఒక్కటే. ఈ సెలవు పాస్టరు అడిగి తీసుకునేదిగా ఉండకూడదు. అడగాల్సి వస్తే మంచివాడు అడగడు. అడిగినవాడి మీద అనుమానం వస్తుంది, మా కమిటీలో వచ్చినట్టు. సంఘమే నియమంగా రాసి పెట్టి, తారీఖు వేసి, వెళ్లక తప్పదండీ అని పంపాలి. వారానికి ఒక రోజు సోమవారం, ఏడాదికి ఒక నెల. ఆ నెల ఎలా గడపాలన్నది ఆయన ఇష్టం. మొదటి వారం పడుకునే ఉంటే పడుకోనివ్వండి. రెండో వారానికి తనకోసం బైబిల్ తెరుస్తాడు. ఆ తర్వాతే అసలు ప్రశ్నలు బయటికొస్తాయి: ఈ కూడికలన్నీ ఎందుకు పెట్టాం, ఇందులో ఏది ఆపేస్తే ఎవరికీ నష్టం లేదు, దేవుడు నన్ను పిలిచింది దీనికేనా అని. వారానికి ఇన్ని కూడికల మధ్య ఆ ప్రశ్నలు అడుక్కునే తీరిక ఎవరికుంటుంది?

అందుకని రాబోయే జనరల్ బాడీ అజెండాలో పెట్టమని సెక్రటరీగారికి లెటరిచ్చాను. నాలుగు ఆదివారాల్లో రెండింటికి వాక్యం చెప్పడానికి మన యూత్ నుంచి ఇద్దరిని, మిగతా రెండింటికి రిటైరైన పాస్టర్లను రాశాను. ఆ నెల కానుక ఎంత వచ్చినా సరే, పాస్టరుగారికి ఇచ్చేది తగ్గకూడదని, చర్చి రంగుల ఫండ్‌లోంచి సర్దవచ్చని కూడా రాశాను. గోడలు ఇంకో ఏడాది ఆగుతాయి. ఆయన ఫోన్ ఆ నెలంతా సెక్రటరీగారి దగ్గర ఉండాలి. సమాధి కార్యక్రమాలకి పెద్దలు వంతులు వేసుకోవాలి. పాస్టరమ్మగారు కూడా వెళ్లాలి, సండే స్కూలు నేను చూసుకుంటాను. వీబీఎస్‌కి యూత్ పిల్లలు అప్పుడే పేర్లిచ్చేశారు, కాబట్టి ఆ అడ్డు తొలిగినట్టే. ఇంకేమైనా అభ్యంతరాలుంటే జనరల్ బాడీలో లేచి నిలబడి చెప్పండి. రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అందులో పాస్టరుగారు కూడా ఉన్నారు.