మా ఒంటి సంగతి మమ్మల్ని అడిగి చెప్పండి

సంక్రాంతి సంబరాల నాడు బెంగళూరులో మన తెలుగువాళ్ల సంఘం పెట్టిన ఆరోగ్య శిబిరం గురించి పోయిన సంచికలో ఫొటోలతో సహా చూశాం. డాక్టర్లు పైసా తీసుకోకుండా వచ్చారు. పిల్లలు పొద్దున్నుంచీ కుర్చీలు మోశారు. పెద్దవాళ్లు ఓపిగ్గా వరసలో నిలబడి బీపీ, షుగరు చూపించుకున్నారు. అవన్నీ నిజమే, అందరికీ నమస్కారం. ఆ రాత్రి జరిగింది మాత్రం సంచికలో రాలేదు. వచ్చినవాళ్ల పేరు, వయసు, ఫోను నంబరు, షుగరెంత, బీపీ ఎంత, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ‘ఎవరి రిపోర్టు వాళ్లు చూసుకోగలరు’ అని కింద ఒక మాట.

ఎవరి రిపోర్టు వాళ్లే చూసుకుంటారా? ఆ షీటులో ఒక పెద్దావిడ పేరుకు ఎదురుగా డిప్రెషన్‌కి వాడే మాత్ర పేరుంది. భర్త పోయినప్పటి నుంచి వేసుకుంటున్నారు. శిబిరంలో డాక్టరు అడిగితే దాచకుండా చెప్పారు. డాక్టరు దగ్గర దాచకూడదు కూడా. మర్నాడు పొద్దున మొదలయ్యాయి ఫోన్లు. ‘మేమంతా లేమా, ఒక్క మాట చెప్పకూడదా’ అని ఒకరు. ‘ఆ మాత్రలు అలవాటైతే మానలేరంట, ప్రాణాయామం చెయ్యండి’ అని ఇంకొకరు. అందరూ ఆవిడ మంచి కోరినవాళ్లే. ఆవిడ మాత్రం శనివారం విష్ణు సహస్రనామ పారాయణానికి రావడం మానేశారు. ఇది రాయవచ్చా అని ఆవిడనే అడిగాను. పేరు లేకుండా రాయమన్నారు, రాస్తున్నాను.

మనవాళ్ల ఈ ఆరా తీసే గుణాన్ని తిట్టిపోయడానికి నాకు మనసొప్పదు. హిందూపురంలో మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా మూడో ఇంటి నుంచి జావ వచ్చేది. కాంపౌండరుకు మూడు తరాల రోగాలు నోటికి వచ్చు. బెంగళూరు వచ్చాక ఇక్కడి అపార్టుమెంట్లలో పక్క తలుపు తీసి ‘ఒంట్లో ఎట్లుంది?’ అని అడిగే మనిషి ఉండటమే భాగ్యం అనిపించిన రోజులున్నాయి. కానీ ఆ వీధిలో నా సంగతి ఎవరికి తెలుసో నాకు తెలుసు, వాళ్ల సంగతి నాకూ తెలుసు. వాట్సాప్‌లో పెట్టిన షీటు ఎవరి ఫోనుకు పోయిందో, అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఎవరు చెప్పగలరు?

నేను ఇక్కడ ఒక ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కేసు షీట్లు వరసపెట్టడం, నంబరు వెయ్యడం, అడిగినవాళ్లకు జిరాక్సు ఇవ్వడం నా పని. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002లోనే నియమం పెట్టింది. ఆ సంగతి తెలియక ‘రేపు రండి’ అంటే నోరు మెదపకుండా బస్సెక్కి వెళ్లిపోయినవాళ్లను ఎందరినో చూశాను. అనంతపురం నుంచీ, మదనపల్లె నుంచీ, కదిరి నుంచీ వచ్చిన మనవాళ్లే ఎక్కువ. వాళ్ల ముందు పెట్టే ఒప్పుకోలు ఫారాలు ఇంగ్లీషులో ఒకటి, కన్నడంలో ఒకటి. సంతకం ఎక్కడ పెట్టాలో నర్సమ్మ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఇస్తుంది. ఆ ఇంటూ గుర్తు చూసి సంతకం పెడతారు తప్ప పైన ఏముందో చదవరు, చదవలేరు.

అలాగని రికార్డులన్నీ బీరువాలో తాళం వేసి పెట్టమనే మనిషిని కాను. కారణం మా బావగారు.

ఆయన హిందూపురం నుంచి పెళ్లికని మా ఇంటికి వచ్చారు. అర్ధరాత్రి గుండెలో నొప్పి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అంతకుముందే అనంతపురంలో ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారని మాకు తెలుసు. ఎప్పుడు వేశారు, ఎన్ని వేశారు, రక్తం పలచబడే మందు ఏది వాడుతున్నారు, ఎప్పుడైనా ఆపారా అని డ్యూటీ డాక్టరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. బావగారు చెప్పే స్థితిలో లేరు. చొక్కా జేబులో మాత్రల అట్ట ఒకటి దొరికింది. పేరున్న వైపు చింపేసి ఉంది. హిందూపురంలో అక్కకు ఫోను చేస్తే బీరువా తీసి, బట్టల షాపు కవరులో మడిచి పెట్టిన ఫైలు తీసి, ఒక్కో కాగితం మంచం మీద పరిచి ఫొటోలు పంపింది. చెయ్యి వణుకుతోంది కాబోలు, సగం ఫొటోలు అలుక్కుపోయాయి. మిగతా వాటి మీద ట్యూబులైటు వెలుగు. ‘అక్కా, లైటుకు అడ్డంగా నిలబడి తియ్యి’ అని నేను ఇక్కడి నుంచి చెప్తున్నాను. డిశ్చార్జి సమ్మరీ ఆఖరి పేజీలో, అడ్వైజు కింద, ఎవరో చేత్తో రాసిన ఒక లైను కనిపించింది: డై (రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే మందు) ఎక్కించినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, ఇంకోసారి యాంజియోగ్రామ్ చేస్తే ముందు జాగ్రత్త అవసరం.

ఆ ఫొటో చూపించగానే డాక్టరు ముందుగా ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ఇప్పించి, అప్పుడు యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబులోకి తీసుకెళ్లారు. బావగారు ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రాత్రి అక్క ఫోను ఎత్తకపోయి ఉంటే? ఇంటికి తాళం వేసి తనూ పెళ్లికి వచ్చేసి ఉంటే? రోగి ఒక రాష్ట్రంలో, కాగితం ఇంకో రాష్ట్రంలో ఉండటం వల్ల వచ్చే ముప్పు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ నాకు నచ్చింది. 14 అంకెల ఆభా నంబరుతో, అంటే మన ఆరోగ్య ఖాతా నంబరుతో, రికార్డులను ముడిపెడతారు. కాగితాలన్నీ ఒకచోట కుప్ప పోయరు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. ఇంకో డాక్టరు చూడాలంటే మన ఫోనుకు అడుగుతూ కబురొస్తుంది: ఎవరు చూస్తారు, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నాళ్లు. మనం సరేనంటేనే కదులుతుంది. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. రాతలో ఇంత చక్కగా ఉన్నది మన ఇళ్లకు వచ్చేసరికి ఏమవుతోంది? అమ్మ ఆభాకు కొడుకు ఫోను నంబరు ఇస్తున్నాం. అడిగే కబురు కొడుక్కి వస్తుంది, సరే అనేది కొడుకు. అమ్మకు తెలియనే తెలియదు. ప్రేమతోనే చేస్తాం, అయినా అమ్మ గర్భసంచి ఆపరేషను కాగితం ఎవరు చూడాలో అమ్మే చెప్పాలి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు అక్కడి తీరు తెలిసే ఉంటుంది. రోగుల వివరాలను కాపాడే 1996 నాటి హిపా చట్టం అన్ని రాష్ట్రాలకూ కనీస హద్దు, ఆపైన ఏ రాష్ట్రం పద్ధతి దానిది. మేరీల్యాండులో వద్దని చెప్పనివాళ్ల రికార్డులు ఎక్స్‌ఛేంజిలో, అంటే ఆసుపత్రులు రికార్డులు పంచుకునే ఏర్పాటులో, అందుబాటులో ఉంటాయి. న్యూయార్కులో రోగి ఒప్పుకుంటేనే డాక్టరు తెరిచి చూడాలి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప. మొదటిదానివల్ల డాక్టర్ల పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ ‘వద్దు’ అని చెప్పడం మన పెద్దవాళ్లకు చేతనవుతుందా? పెన్సిలు గుర్తు ఉన్నచోటల్లా సంతకం పెట్టే మనుషుల మౌనాన్ని అంగీకారం అనుకోవడం అన్యాయం. మనకు న్యూయార్కు పద్ధతే కావాలి.

మన రాజ్యాంగంలో ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. 2018లో కేంద్రం రోగుల సమాచార రక్షణ కోసం ‘దిశ’ అని ఒక చట్టం ముసాయిదా తెచ్చింది. రాష్ట్రానికో ఆరోగ్య సమాచార ప్రాధికార సంస్థ, బీమా కంపెనీలకూ ఉద్యోగం ఇచ్చేవారికీ మందుల కంపెనీలకూ రోగుల వివరాలు ఇవ్వకూడదన్న నిషేధం అందులో ఉన్నాయి. అది ముసాయిదాగానే ఆగిపోయింది. తర్వాత 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలో మనం పట్టుకోవాల్సినది ఒకటుంది. అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న, తెలుగుతో సహా, ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే బెంగళూరులో ఉన్నా తెలుగులో అడగమనే హక్కు మనది. ప్రాణాపాయంలో అనుమతి కోసం ఆగనక్కర్లేదని కూడా ఆ చట్టమే చెప్తుంది, కాబట్టి మా బావగారి లాంటివాళ్లకు అడ్డమేమీ లేదు. ఇక ఆ పెద్దావిడ విషయానికొస్తే, మనసుకు సంబంధించిన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షను డాక్టర్లకూ ఆసుపత్రులకూ ఎప్పుడో చెప్పింది. డాక్టరుకు లేని స్వేచ్ఛ మన వాలంటీరుకు ఎక్కడిది?

కర్ణాటక, ఆంధ్ర ప్రభుత్వాలు రెండూ కూర్చుని సరిహద్దు దాటి వచ్చే రోగుల రికార్డులకు ఒక పద్ధతి పెట్టాలి. సరిహద్దు జిల్లాల ఆసుపత్రులనూ బెంగళూరు ఆసుపత్రులనూ ముందుగా ఆభాతో కలపాలి. శిబిరాలు పెట్టే సంఘాలకూ ఆసుపత్రులకున్న కట్టుబాటే ఉండాలి. ఆ వినతిపత్రం మన సంఘం పేరు మీద వెళ్లాలని నా కోరిక. అయితే ముందు మన ఇల్లు సర్దుకుందాం.

కార్యవర్గానికి నా విన్నపం. ఆ షీటును గ్రూపులో నుంచీ, దాచుకున్నవాళ్ల ఫోన్లలో నుంచీ తీసేయించండి. ఉగాది శిబిరంలో ఎవరి చీటీ వాళ్ల చేతికే ఇవ్వండి, సంఘం దగ్గర నకలు వద్దు. ఒక బల్ల దగ్గర తెలుగు చదివి చెప్పగల ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. పెద్దవాళ్ల ఆభాకు వాళ్ల సొంత నంబరు కలపడం, వచ్చిన అనుమతిని చదవడం, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవడం నేర్పిస్తారు. అనుమతి ఫారం తెలుగులో నేనే రాసిస్తాను, ఒక పేజీ దాటదు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో దీన్ని చేర్చమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఆ రోజు నేను వస్తాను.